ఇంజన్ వేడెక్కాక ఆగిపోతోంది, చల్లారితే మళ్లీ స్టార్టవుతోంది: బి-సిరీస్ ఇంజన్, ఎస్‌యూ కార్బ్యురేటర్, పాయింట్ల డెల్కో

నాలుగోగేరు:
నమస్కారం అండీ. ముందు బండి వివరాలు. బ్రిటిష్ బీఎంసీ వారి బి-సిరీస్ నాలుగు సిలిండర్ల ఇంజన్, ఒకే ఎస్‌యూ హెచ్‌ఎస్ కార్బ్యురేటర్, బ్లాకుకు బిగించిన ఏసీ కంపెనీ మెకానికల్ పెట్రోల్ పంపు, లూకాస్ 25డి4 డెల్కో (స్పార్కును ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటరు), పాయింట్లు (కాయిల్ కరెంటును తెరిచి మూసే చిన్న స్విచ్చి), నెగటివ్ ఎర్తు (బ్యాటరీ మైనస్ బాడీకి).

చల్లగా ఉన్నప్పుడు సగం సెల్ఫ్‌కే అందుకుంటుంది. 25, 30 నిమిషాలు నడిపాక ఆగిపోతుంది. 15, 20 నిమిషాలు వదిలేస్తే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. వేడి గేజి 80, 85 దాటడం లేదు. ఇంతవరకు కాయిల్, ప్లగ్గులు, పెట్రోల్ ఫిల్టర్ మార్చాను. తేడా లేదు. తర్వాత పంపు మార్చాలా, కార్బ్యురేటర్ విప్పాలా?

బోనెట్‌కింద:
వేపర్ లాకే ఇది, పైపులో పెట్రోల్ ఆవిరై అడ్డుపడుతోంది. ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టేయండి, తీరిపోతుంది.

డ్వెల్‌మీటర్:
ఇంకేమీ మార్చకండి. వేడికి ఆగిపోయే బండికి కారణం కరెంటు కావచ్చు, పెట్రోల్ కావచ్చు. రెండూ చల్లారితే సర్దుకుంటాయి కాబట్టి "చల్లారాక స్టార్టయింది" అన్నది ఎటూ సాక్ష్యం కాదు. ఆగిన ఆ రెండు నిమిషాల్లో చూసుకున్నదే సాక్ష్యం. ఇంటికి తెచ్చి చల్లారాక ఎంత వెతికినా అన్నీ బాగానే కనిపిస్తాయి.

ఇవి చెప్పండి. ఆగేటప్పుడు తాళం తిప్పేసినట్టు టక్కున ఆగుతోందా, లేక దగ్గుతూ, లాగుడు తగ్గుతూ, కుదుపులతో ఆగుతోందా? దగ్గుతున్న క్షణంలో చోక్ సగం లాగితే కాస్త కోలుకుంటుందా? నడుస్తుండగా ఆగుతోందా, స్లో స్పీడులోనా, ఆపి మళ్లీ స్టార్టు చేసేటప్పుడా?

టక్కున ఆగితే నూటికి తొంభై పాళ్లు కరెంటు. దగ్గుతూ ఆగి, చోక్‌తో కోలుకుంటే పెట్రోల్ చాలడం లేదు. చోక్ లాగితే ఇంకా చెడితే పెట్రోల్ ఎక్కువవుతోంది.

నాలుగోగేరు:
గమనించి రాస్తున్నాను. నిజానికి రెండు రకాలుగా ఉంది. నాలుగో గేరులో నిలకడగా పోతుండగా టక్కున ఆగుతుంది, దగ్గు లేదు, చోక్‌కు స్పందన లేదు. ఇక రెండోది, వేడి బండిని ఆపి 15 నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే చాలాసేపు తిరిగి, నల్లపొగతో అందుకుని, ఒక నిమిషం తడబడుతుంది. ఆపిన 5 నిమిషాల్లో కొడితే గానీ, రెండు గంటల తర్వాత కొడితే గానీ ఈ రెండోది రాదు.

తేలుబంతి:
అయితే ఇవి రెండు జబ్బులు. కలిపి ఒకటిగా చూస్తే దారి తప్పుతాం. రెండోది నా వైపు, పెట్రోల్‌ది. దానికి తర్వాత వద్దాం. మొదటిది డ్వెల్‌మీటర్ గారు చెప్పినట్టే వెతకండి.

అయినా పెట్రోల్‌ను కొట్టిపారేయడానికి రెండు పరీక్షలు చేసేయండి. ఒకటి, ఆగిన వెంటనే ట్యాంకు మూత తీయండి. గాలి "స్‌స్" అంటూ లోపలికి పీలిస్తే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది. ట్యాంకులో తుప్పు రేకులు గొట్టం మూతికి అతుక్కోవడం కూడా ఇలాగే ఉంటుంది: నడుస్తుంటే పీల్చుడుకు అతుక్కుంటాయి, ఆగితే రాలిపోతాయి, 10 నిమిషాల తర్వాత బండి బాగుంటుంది. వేడికీ దీనికీ సంబంధమే లేదు, అయినా ఎప్పుడూ వేడి ఖాతాలోకే పోతుంది.

రెండోది, పంపు ఎంత పోస్తోందో కొలవండి. ఫ్లోట్ గిన్నె (కార్బ్యురేటర్ పక్కన పెట్రోల్ నిలిచే గిన్నె) దగ్గర పైపు ఊడదీసి, పొడవైన రబ్బరు గొట్టంతో సైలెన్సర్ మానిఫోల్డుకు దూరంగా మూతి సన్నటి లోహపు డబ్బాలోకి మళ్లించండి. గిన్నెలో మిగిలిన పెట్రోల్‌తో ఇంజన్ స్లో స్పీడులో అరనిమిషం నడుస్తుంది. ఆ అరనిమిషంలో పావు లీటరు దాకా, బుడగలు లేకుండా, కొట్టికొట్టి పడాలి. 100 కిలోమీటర్లకు 9 లీటర్లు తాగే బండి గంటకు 60 వేగంలో వాడేది నిమిషానికి 90 మిల్లీలీటర్లే. కాబట్టి అంత పోసే పంపును మార్చడం డబ్బు దండగ. ఇది వేడి ఇంజన్ మీద చేసే పని. మంటలార్పే సిలిండర్ చేతికి అందే దూరంలో లేకపోతే చేయొద్దు.

రాగితీగ:
టక్కున ఆగే దానికి ఒక 12 వోల్టుల చిన్న బల్బు కాయిల్ ప్లస్‌కూ బాడీకీ, ఇంకొకటి కాయిల్ మైనస్‌కూ బాడీకీ కలిపి, వైర్లు డాష్‌బోర్డు దాకా తెచ్చుకోండి. ఆగిన క్షణంలో ఏది వెలుగుతోందో చూస్తే సగం పని అయిపోతుంది.

డ్వెల్‌మీటర్:
ఆలోచన సరైనదే. ప్లస్ వైపు బల్బు ఫర్వాలేదు. మైనస్ వైపు మాత్రం మామూలు బల్బు వద్దు రాగితీగ గారూ. పాయింట్లు విడిపోయిన క్షణంలో కాయిల్‌లోని ప్రైమరీ చుట్టలో కరెంటు ఒక్కసారిగా పడిపోవాలి, అప్పుడు ఆ చుట్టలో 250, 300 వోల్టుల దెబ్బ పుడుతుంది, దాని నుంచే స్పార్కు. బల్బు ఫిలమెంటు తక్కువ ఓమ్‌ల దారి. ఆ దెబ్బను మింగేసి స్పార్కును నీరసపరుస్తుంది. పరీక్షే కొత్త మిస్సింగు తెచ్చిపెడుతుంది.

ఎల్‌ఈడీ వాడండి. దానికి వరుసలో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టరు, ఒక 1ఎన్4007 డయోడు. డయోడు ఎందుకంటే ఆ దెబ్బ తర్వాత వోల్టేజి అటూ ఇటూ ఊగుతుంది, ఎదురు వోల్టేజికి ఎల్‌ఈడీ తట్టుకోదు. రెండు మిల్లీ ఆంపియర్లే కాబట్టి ఇగ్నిషన్‌కు తెలియను కూడా తెలియదు.

ఆగిన క్షణంలో గేరు తీయకండి, బండి దొర్లుతూ ఇంజన్‌ను తిప్పుతూనే ఉండాలి. అప్పుడు చూడండి.

ప్లస్ దీపం కూడా ఆరిపోతే తాళం స్విచ్చి, దాని వైరు, మధ్యలోని కనెక్షన్లు. ప్లస్ వెలుగుతూ మైనస్ మిణుకుమిణుకుమంటే ప్రైమరీ బాగానే తెగుతోంది, తప్పు అవతల ఉంది: కాయిల్ లోపలి ఇన్సులేషన్, రోటర్ (డెల్కోలో తిరిగే చెయ్యి), డెల్కో మూత, లేదా కెపాసిటీ పోయిన కండెన్సర్ (పాయింట్లకు కలిపే చిన్న కెపాసిటర్). మైనస్ మిణకకుండా నిలకడగా వెలిగితే పాయింట్లు ఎర్తుకు అందడం లేదు. మైనస్ పూర్తిగా ఆరిపోతే ప్రైమరీ ఎప్పుడూ ఎర్తయి ఉంది, అంటే షార్టయిన కండెన్సర్, లేదా పాయింట్ల స్ప్రింగు దగ్గర ఇన్సులేటర్ వాషర్ తప్పుగా కూర్చోవడం.

ట్యాపెట్‌గేజి:
ఇంకొక్క మాట. కొత్త కాయిల్ వేశానన్నారు కదా, దాని ప్రైమరీ ఓమ్‌లు కొలిచారా? బ్యాలస్ట్ రెసిస్టరు (కాయిల్‌కు వచ్చే వోల్టేజిని తగ్గించేది) లేని బండికి సుమారు 3 ఓమ్‌ల కాయిల్ ఉండాలి. 1.5 ఓమ్‌లది బ్యాలస్ట్‌తో వాడాల్సింది. నేరుగా 12 వోల్టులిస్తే 4 ఆంపియర్ల చోట 8 ఆంపియర్లు లాగుతుంది, కాయిల్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, పాయింట్లు నల్లబడతాయి.

నాలుగోగేరు:
చెప్పినవన్నీ చేశాను.

ట్యాంకు మూత తీసినప్పుడు పీల్చుడు లేదు. అరనిమిషంలో 270 మిల్లీలీటర్లు వచ్చింది, బుడగలు లేవు. కొత్త కాయిల్ 1.5 ఓమ్‌లు! పాతది చల్లగా 3.1, వేడి నీళ్ల సంచీ చుట్టి పెట్టాక 3.6. వేడికి 0.5 పెరిగింది కాబట్టి పాతది పాడైనట్టేనా?

ఎల్‌ఈడీ ఫలితం: నాలుగో గేరులో ఆగినప్పుడు ప్లస్ వెలుగుతూనే ఉంది. మైనస్ దీపం మిణకడం మానేసి నిలకడగా వెలిగింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కగానే ఒకటి రెండు సెకన్లు మళ్లీ మిణికి, ఇంజన్ ఒక్కసారి అందుకుని, మళ్లీ పోయింది.

రాగితీగ:
పాత కాయిల్‌కు ఏ జబ్బూ లేదు. రాగి ప్రతి డిగ్రీకి సుమారు 0.39 శాతం నిరోధం పెంచుకుంటుంది. 50 డిగ్రీలు వేడెక్కితే 3.1 కాస్తా 3.7 దగ్గరికి వస్తుంది. మీకొచ్చిన 3.6 లెక్క ప్రకారమే ఉంది. ఓమ్‌ మీటరు ఇన్సులేషన్ పోవడాన్ని పట్టుకోలేదు, ఆ సంగతి వేరు, కానీ మీ ఎల్‌ఈడీ ఎలాగూ కాయిల్‌ను తప్పించేసింది. పాతదాన్నే తిరిగి బిగించండి.

డ్వెల్‌మీటర్:
మీరు రాసిన ఆఖరి వాక్యంలోనే సమాధానం ఉంది. పూర్తిగా తొక్కితే మానిఫోల్డ్ వ్యాక్యూమ్ పడిపోతుంది, ఆ పీల్చుడుతో పాయింట్ల పళ్లేన్ని తిప్పే డెల్కోలోని వ్యాక్యూమ్ డబ్బా దాన్ని వదిలేస్తుంది, పళ్లెం వెనక్కి తిరుగుతుంది. అంటే పళ్లెం ముందుకు తిరిగి ఉన్నప్పుడు తెగుతూ, వెనక్కి వచ్చినప్పుడు కలుస్తూ ఉన్న తీగ ఏదో ఉంది. నిలకడగా పోయేటప్పుడు వ్యాక్యూమ్ అడ్వాన్స్ (పళ్లెం అలా ముందుకు తిరగడం) ఎక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడే ఆగడం కూడా దీనికి సరిపోతోంది.

25డి4లో అలాంటివి రెండు. పక్కన బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకు వచ్చే చిన్న తీగ, పళ్లెం నుంచి డెల్కో బాడీకి పోయే ఎర్తు తీగ. పళ్లెం కదిలిన ప్రతిసారీ రెండూ వంగుతాయి. ఏళ్ల తరబడి వంగి లోపలి పోగులు తెగుతాయి, పైన తొడుగు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. కంటితో చూస్తే కొత్తదానిలా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉన్న తొడుగు తెగిన పోగులను ఒకదానికొకటి అదిమి పట్టి ఉంచుతుంది. వేడికి తొడుగు మెత్తబడితే ఆ పట్టు పోతుంది. వేడి జబ్బులా కనబడేది అందుకే.

దీన్ని ఇంటి దగ్గరే రుజువు చేయొచ్చు. డెల్కో మూత, రోటర్ తీయండి. పాయింట్లు పూర్తిగా మూసుకునేలా ఇంజన్‌ను చేత్తో తిప్పి నిలపండి. తాళం ఆన్ చేసి మల్టీమీటరును డీసీ వోల్టుల్లో పెట్టి కాయిల్ మైనస్‌కూ బ్యాటరీ మైనస్ కొమ్ముకూ మధ్య కొలవండి. 0.2 వోల్టు లోపు ఉండాలి. ఇప్పుడు వ్యాక్యూమ్ గొట్టాన్ని కార్బ్యురేటర్ దగ్గర ఊడదీసి నోటితో పీల్చండి. పళ్లెం తిరుగుతుంటే మీటరు చూడండి. అది 12 దగ్గరికి ఎగిరితే దొరికినట్టే. ఎగరకపోతే హెయిర్ డ్రయ్యరుతో డెల్కో లోపలికి 2, 3 నిమిషాలు వేడి గాలి కొట్టి మళ్లీ పీల్చండి. ఏ తీగో తేల్చడానికి చెక్క పుల్లతో ఒక్కొక్కటి మెల్లగా కదపండి. తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ కాయిల్ కాలుతూనే ఉంటుంది, రెండు నిమిషాలకోసారి ఆపండి. ముఖ్యంగా పాత 3 ఓమ్‌ల కాయిల్ వేశాకే ఇది చేయండి.

బోనెట్‌కింద:
పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ వేసేస్తే ఈ తీగల గొడవే ఉండదు కదా?

డ్వెల్‌మీటర్:
ఉండకపోవచ్చు. కానీ మాడ్యూలు కూడా వేడికి ఆగేదే, పైగా ఆగితే దారి మధ్యలో బాగుచేయలేరు. పళ్లెం ఎర్తు తీగ తెగిన డెల్కోలో మాడ్యూలు పెడితే, ఎర్తు అందక అదీ ఆగుతుంది, తప్పు మాడ్యూలుదని అందరూ అనుకుంటారు. ఉన్న తప్పు తీరాక వేసుకోవాలంటే వేసుకోండి. సెట్ చేసిన పాయింట్ల పళ్లేన్ని, కండెన్సర్‌ను డిక్కీలో ఉంచుకోండి. తాళం ఆన్ చేసి ఇంజన్ తిప్పకుండా వదిలేస్తే చాలా మాడ్యూళ్లు కాలిపోతాయి, అది కూడా గుర్తుండాలి.

నాలుగోగేరు:
పాత కాయిల్ వేశాను. చల్లగా, పీల్చకుండా 0.12 వోల్టు. పీలిస్తే 0.12, అలాగే ఉంది. డ్రయ్యరుతో వేడి చేశాక పీలిస్తే 12.4! వదిలితే మళ్లీ 0.12. పుల్లతో కదిపితే పాయింట్లకు వచ్చే చిన్న తీగ, టెర్మినల్ దగ్గరి వంపు. ఎర్తు తీగ బాగానే ఉంది.

ఏ వైరు వేయాలి? మామూలు ఆటో వైరు సరిపోతుందా?

రాగితీగ:
మామూలు ఆటో వైరు వద్దు. లోపల లావు పోగులు ఉంటాయి, ఈ వంపుకు కొన్ని నెలల్లో తెగుతాయి. మీటరు ప్రోబులకు వాడే రకం, వెంట్రుకల్లాంటి పోగులున్న సిలికాన్ తొడుగు వైరు తీసుకోండి, 0.5 నుంచి 0.75 చదరపు మిల్లీమీటర్లు. సిలికాన్ వేడికి మెత్తబడదు, చలికి బిగుసుకోదు. టెర్మినల్ దగ్గర టంకం వేస్తే, టంకం తీగలోకి పాకి గట్టిపడిన చోటే మళ్లీ వంగి తెగుతుంది. కాబట్టి క్రింప్ చేసి, ఆ 5 మిల్లీమీటర్లకు చిన్న స్లీవు తొడగండి. పొడవు ఎంతంటే, పళ్లెం పూర్తిగా ఇటు చివర ఉన్నా అటు చివర ఉన్నా తీగ బిగుసుకోకూడదు, వదులుగా వేలాడి క్యామ్‌కో రోటర్‌కో తగలకూడదు. ఎర్తు తీగ కూడా అదే వయసుది. దాన్నీ ఇప్పుడే మార్చేయండి.

ట్యాపెట్‌గేజి:
డెల్కో తెరిచారు కాబట్టి ఇవి కూడా. కొన్నాళ్లు 1.5 ఓమ్‌ల కాయిల్‌తో నడిచిన పాయింట్లను నమ్మకండి, ముఖాలు గుంటపడి ఉంటాయి. కొత్తవి వేసి 0.38 మిల్లీమీటర్లకు పెట్టండి. డ్వెల్ (పాయింట్లు మూసి ఉండే కోణం) కొలిచే మీటరుంటే 60 డిగ్రీలు, 3 అటూ ఇటూ. పాయింట్లు మారిస్తే టైమింగు (స్పార్కు పడే సమయం) కచ్చితంగా మళ్లీ చూడాలి, గ్యాపు మారితే టైమింగు మారుతుంది. టైమింగు వెనకబడితే మంట సైలెన్సర్ వైపు ఆలస్యంగా పోయి మానిఫోల్డు వేడి పెరుగుతుంది, మీ రెండో జబ్బుకు అది ఆజ్యం.

కండెన్సర్ 0.18 నుంచి 0.25 మైక్రోఫారడ్‌ల మధ్య ఉండాలి. వేడికి మాత్రమే చెడే కండెన్సర్లు ఎక్కువ. అనుమానం వస్తే కొత్త కండెన్సర్‌ను డెల్కోలోనే పెట్టాల్సిన పని లేదు. దాని తీగను కాయిల్ మైనస్‌కు, దాని డబ్బాను బాడీ ఎర్తుకు కలిపితే చాలు, కరెంటు లెక్కలో అదే జాగా. లోపలిది షార్టయి ఉంటే మాత్రం దాన్ని విడదీయాలి. రోటర్‌ను కూడా చూడండి. మధ్యలో రివెట్ ఉన్న నాసిరకం రోటర్లలో స్పార్కు ఆ రివెట్ గుండా కిందికి షాఫ్టులోకి దూకుతుంది. కాయిల్ హైటెన్షన్ వైరు కొసను రోటర్ పైన రేకుకు 3 మిల్లీమీటర్ల ఎత్తున ఇన్సులేటెడ్ పట్టకారుతో పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. స్పార్కు రోటర్ మీదికి దూకితే అది లీకవుతోంది, పారేయండి.

నాలుగోగేరు:
రెండు తీగలూ, పాయింట్లూ, కండెన్సరూ మార్చాను. డ్వెల్ 59. పీల్చినా వేడి చేసినా 0.09 వోల్టు దగ్గర కదలడం లేదు. రెండు గంటలు ఏకబిగిన నడిపాను, టక్కున ఆగడం పూర్తిగా పోయింది.

రెండో జబ్బు అలాగే ఉంది. 15 నిమిషాలు ఆపి స్టార్టు చేస్తే చాలాసేపు సెల్ఫ్, నల్లపొగ, తర్వాత తడబాటు. బోనెట్ దగ్గర పెట్రోల్ వాసన కూడా.

తేలుబంతి:
ఇప్పుడు పెట్రోల్ సంగతి. బి-సిరీస్‌లో ఇన్‌లెట్టూ సైలెన్సర్ మానిఫోల్డూ రెండూ ఒకే పక్క ఉంటాయి. కార్బ్యురేటర్ మానిఫోల్డుకు ఆనుకునే కూర్చుంటుంది. నడుస్తున్నంతసేపు గాలి తగులుతూ, చల్లటి పెట్రోల్ లోపలికి వస్తూ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఆపగానే ఫ్యానూ నీళ్లూ పెట్రోలూ అన్నీ ఆగుతాయి, ఇనుములో దాచుకున్న వేడి పైకి లేస్తుంది. బోనెట్ కింద వేడి ఆపిన తర్వాత 10, 20 నిమిషాల మధ్య అన్నిటికంటే ఎక్కువ. 5 నిమిషాలకు రాక, 15 నిమిషాలకు వచ్చి, రెండు గంటలకు రాని కారణం అదే.

పెట్రోల్‌లో తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే ఉడకడం మొదలుపెడతాయి. గిన్నెలో పెట్రోల్ ఉడికి, జెట్టు గుండా ఇన్‌లెట్‌లోకి పొంగి, సిలిండర్లకు పెట్రోల్ ఎక్కువవుతుంది. నల్లపొగ ఇది. తర్వాత వచ్చే తడబాటు దీనికి తిరగబడిన జబ్బు: గిన్నె సగం ఖాళీ, పంపులో పైపులో ఆవిరి, చాలినంత రావడం లేదు. రెండూ వరుసగా వస్తాయి కాబట్టి జనం అయోమయపడతారు. ఇథనాల్ కలిసిన పెట్రోల్‌తో ఇది పెరుగుతుంది. అదే పెట్రోల్‌కు 10 శాతం ఇథనాల్ కలిపితే ఆవిరి పీడనం పెరుగుతుంది.

కంటితో చూసి నిర్ధారించుకోండి. వేడి బండి ఆపి 10 నిమిషాలకు గాలి ఫిల్టర్ తీసి టార్చి వేసి కార్బ్యురేటర్ గొంతులో పిస్టన్ కింద చూడండి. జెట్టు ఉండే వంతెన మీద పెట్రోల్ ఊరుతూ, ఆవిర్లు కనబడితే ఇదే. ఆ తర్వాత ఫ్లోట్ ఎత్తు కొలవండి. ఎస్‌యూలో పెట్రోల్ మట్టం జెట్టు మూతికి కాస్తంత కిందే ఉంటుంది, అది రెండు మిల్లీమీటర్లు ఎక్కువైనా ఉడికినప్పుడు పొర్లుతుంది. గిన్నె మూతను తలకిందులుగా పట్టుకుంటే, నీడిల్ (గిన్నెలోకి వచ్చే పెట్రోల్‌ను ఆపే సూది) మూసుకుని ఉండగా ఫ్లోట్‌కూ మూత అంచుకూ మధ్య 3.2 నుంచి 4.8 మిల్లీమీటర్లు ఉండాలి.

నాలుగోగేరు:
జెట్టు మీద పెట్రోల్ ఊరుతోంది, నిజమే. ఫ్లోట్ గ్యాపు 1.5 మిల్లీమీటర్లే ఉంది. ఫ్లోట్ అంతా ప్లాస్టిక్‌, వంచడానికి రేకు లేదు. ఇంకా, కార్బ్యురేటర్‌కూ ఇన్‌లెట్‌కూ మధ్య పలచటి ప్యాకింగు ఒక్కటే ఉంది. పెట్రోల్ పైపు సైలెన్సర్ మానిఫోల్డుకు ఒక వేలు దూరంలో పోతోంది.

తేలుబంతి:
గ్యాపు తక్కువంటే మట్టం ఎక్కువ. రేకు లేని ఫ్లోట్‌కు నీడిల్ సీటు కింద వాషరు వేయాలి. సీటు కిందికి దిగితే నీడిల్ ముందుగానే మూసుకుంటుంది. పలచటి వాషర్లతో 4 మిల్లీమీటర్లకు తెచ్చుకోండి. నీడిల్ కొస మీద గీత పడి ఉంటే సీటుతో సహా మార్చండి.

మధ్యలో ఉండాల్సిన వేడి ఆపే దిమ్మె ఎవరో తీసేసినట్టున్నారు. ఫినాలిక్ దిమ్మె, 10 మిల్లీమీటర్ల మందం, రెండు పక్కలా ప్యాకింగు. స్టడ్లు అంతే పొడవు పెరగాలి. పాత స్టడ్ల మీద సగం మరలకే నట్టు బిగించకండి. కార్బ్యురేటర్ 10 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది కాబట్టి యాక్సిలరేటర్ రాడ్డు, చోక్ కేబులు మళ్లీ సర్దాలి. లేకపోతే స్లో స్పీడు పెరిగిపోయి, మిక్చరు తప్పనుకుంటారు. దిమ్మెకూ కార్బ్యురేటర్‌కూ మధ్య అల్యూమినియం రేకు కవచం కిందికి వంగి గిన్నెను కాపాడేలా ఉండాలి. గిన్నెకు, దాని నుంచి జెట్టుకు పోయే చిన్న నైలాన్ గొట్టానికి కూడా వేడి నేరుగా తగలకూడదు. రేకు గిన్నెకు ఆనుకోకూడదు, మధ్యలో కనీసం 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి.

పైపుకు వేడి ఆపే తొడుగు చుట్టడం కంటే దారి మార్చడం మేలు. తొడుగు వేడిని ఆలస్యం చేస్తుందే గానీ ఆపదు, ఒకసారి లోపల వేడెక్కితే చల్లారనివ్వదు కూడా. పంపు నుంచి ముందుకు, రేడియేటర్ వైపుగా చుట్టి గిన్నెకు తీసుకురండి. ప్లాస్టిక్ ఫిల్టరు మానిఫోల్డు పైన వేలాడుతుంటే దాన్ని పంపుకు ముందు, చల్లటి చోటికి మార్చండి.

బోనెట్‌కింద:
అయితే ఎలక్ట్రిక్ పంపు అవసరం లేదంటారా?

తేలుబంతి:
ఈ బండికి లేదు. 270 మిల్లీలీటర్లు పోసే పంపు ఉంది. అయినా తడబాటు మిగిలితే మీ మాటలో సారం ఉంది: ఆవిరి ఎక్కువగా పుట్టేది పంపు పీల్చే వైపు, అక్కడ పీడనం తగ్గుతుంది కాబట్టి. ట్యాంకు పక్కన, ట్యాంకు మట్టానికి కిందగా పెట్టిన ఎలక్ట్రిక్ పంపు పీల్చడం మాని తోస్తుంది. కానీ ఎస్‌యూ నీడిల్ తట్టుకునేది 2.5, 3 పీఎస్‌ఐ మాత్రమే, ఎక్కువైతే గిన్నె పొర్లుతుంది, రెగ్యులేటరు కావాలి. ఇంజన్ ఆగినా, బండి గుద్దుకున్నా పంపును ఆపే స్విచ్చి లేకుండా పెట్టడం నేను ఒప్పుకోను. అంతకంటే తేలిక మార్గం, గిన్నె ముందు ఒక టీ (మూడు దారుల జాయింటు) వేసి 1.5 మిల్లీమీటర్ల రంధ్రంతో ట్యాంకుకు తిరుగు పైపు పెట్టడం. ఆవిరి దాని దారిన పోతుంది, పెట్రోల్ ఎప్పుడూ కదులుతూ చల్లగా ఉంటుంది.

ట్యాపెట్‌గేజి:
దిమ్మె వేసేలోపు స్టార్టు చేసే పద్ధతి. చోక్ ముట్టకండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టండి, అందుకోగానే వదలండి. ఎక్కువైన ఆవిరిని గాలి ఊడ్చేస్తుంది. ఎస్‌యూలో యాక్సిలరేటర్ పంపు లేదు కాబట్టి పదేపదే తొక్కితే ఏ లాభమూ లేదు. వెబర్, సోలెక్స్ ఉన్నవాళ్లు అలా తొక్కితే ఇంకా పెట్రోల్ చిమ్ముతుంది.

ట్యాపెట్లు (వాల్వుల గ్యాపు) కూడా చూడండి. ఎగ్జాస్టు వాల్వు గ్యాపు బిగుతుగా ఉంటే వేడికి వాల్వు పూర్తిగా మూసుకోక, స్లో స్పీడులో ఇంజన్ ఆగుతుంది. 0.38 మిల్లీమీటర్లు. తొమ్మిది లెక్క తెలుసు కదా, తెరుచుకున్న వాల్వు నంబరూ కొలిచే వాల్వు నంబరూ కలిపితే 9: 1వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 8వది, 2 తెరిస్తే 7.

నాలుగోగేరు:
ఫ్లోట్ 4 మిల్లీమీటర్లకు వచ్చింది. దిమ్మె, రేకు, పైపు దారి అన్నీ అయ్యాయి. 6వ వాల్వు 0.25 ఉంది, సర్దాను. 15 నిమిషాలు ఆపి చూశాను: సెల్ఫ్ రెండు సెకన్లు, పొగ లేదు. తడబాటు ఐదారు సెకన్లు ఉంది, అంతే. మట్టం తగ్గించాను కాబట్టి మిక్చరు మళ్లీ చూడాలా?

తేలుబంతి:
చూడాలి. ఇంజన్ పూర్తి వేడిలో, స్లో స్పీడులో, కార్బ్యురేటర్ కింద పిన్నుతో పిస్టన్‌ను 0.8 మిల్లీమీటర్లు మాత్రమే ఎత్తండి. చప్పుడు ఒక్క క్షణం పెరిగి మామూలైతే సరి. పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ, ఆగబోతే తక్కువ. జెట్టు నట్టు కిందికి తిప్పితే పెట్రోల్ పెరుగుతుంది. ఒక్కసారికి నట్టు ఒక్క ముఖమే తిప్పండి. ప్రతిసారీ ఇంజన్‌ను ఒకసారి రేజ్ చేసి వదిలాకే పిన్ను ఎత్తండి. ఆ ఐదారు సెకన్ల తడబాటు దీంతోనే పోవచ్చు. పోకపోతే తిరుగు పైపు పెట్టండి.

డ్వెల్‌మీటర్:
కొత్త పాయింట్ల ఫైబరు మడమ మొదట్లో త్వరగా అరుగుతుంది, గ్యాపు తగ్గుతుంది, టైమింగు వెనకబడుతుంది. క్యామ్ మీద అగ్గిపుల్ల తలంత గ్రీజు రాయండి, అంతకు మించితే పాయింట్ల మీదికి చిమ్ముతుంది. 500 కిలోమీటర్లకు డ్వెల్ మళ్లీ కొలవండి. 63 దాటి ఉంటే గ్యాపు సర్ది, టైమింగు చూసి, ఆ మీద ప్రతి 5,000 కిలోమీటర్లకు ఒకసారి చాలు.